క్రియాటినిన్ నార్మల్ అయితే కిడ్నీకి ఎంఆర్ఐ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 34, ఎత్తు 170 సెంటీమీటర్లు. మాది ఖమ్మం. మా అమ్మకు పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు ఉంది. 54 ఏళ్లకే డయాలసిస్ మొదలైంది, ఇప్పుడు వారానికి మూడుసార్లు వెళ్లివస్తోంది. పోయిన నెల నాకు నడుం నొప్పి వస్తే అల్ట్రాసౌండ్ తీశారు. నా కిడ్నీల్లోనూ చాలా నీటి తిత్తులు ఉన్నాయట. కుడి కిడ్నీ 14.6, ఎడమది 15.4 సెంటీమీటర్ల పొడవు ఉన్నాయని రాశారు. క్రియాటినిన్ మాత్రం 1.0. మూత్ర పరీక్షా బాగానే ఉంది. బీపీ 138/88. కిడ్నీ డాక్టరుగారు ఎంఆర్ఐ రాశారు. క్రియాటినిన్ నార్మల్ అంటే కిడ్నీలు బాగా పనిచేస్తున్నట్టే కదా, మరి ఈ స్కాన్ ఎందుకు? దీనితో కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో తెలుస్తుందా? స్కాన్ సెంటర్లో కాంట్రాస్ట్ ఇంజక్షన్ వేయాలి, సంతకం పెట్టాలి అన్నారు. అది కిడ్నీలకు మంచిది కాదని ఇంట్లో భయపడుతున్నారు. మా చెల్లెలికి 29 ఏళ్లు, పెళ్లి కాలేదు. అమ్మకు తన కిడ్నీ ఇస్తానంటోంది. తను కూడా పరీక్ష చేయించుకోవాలా? ఇంకో మాట. మా మేనమామ 45 ఏళ్ల వయసులో ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి వచ్చి పడిపోయారు, రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయారు. బ్రెయిన్ స్ట్రోక్ అన్నారు. దానికీ ఈ జబ్బుకూ ఏమైనా సంబంధం ఉందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: ముందు చేయాల్సింది చెప్పేస్తాను. ఎంఆర్ఐ చేయించుకోండి. కాంట్రాస్ట్ లేకుండా చేయించుకోండి. రెండు కిడ్నీల పరిమాణం మిల్లీలీటర్లలో లెక్కకట్టి రిపోర్టులో రాయమని, స్కాన్‌కు ముందే అడగండి. ఈ మూడోది చాలామంది అడగరు. అది లేకుండా వచ్చే రిపోర్టు మీకు ఇప్పటికే తెలిసిన సంగతినే మళ్లీ చెబుతుంది.

ఇక క్రియాటినిన్ సంగతి. ఇది కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపాలి. మీ వయసుకు 1.0 అంటే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం అంచనా, సుమారు 100 వస్తుంది. నిమిషానికి దాదాపు 100 మిల్లీలీటర్ల చొప్పున వడకడుతున్నాయన్నమాట. మంచి సంగతే, సంతోషించండి. కానీ మీకున్న జబ్బులో ఈ అంకె ఇవాళ్టి సంగతి తప్ప రేపటి సంగతి చెప్పదు. ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లు అనే, రక్తాన్ని వడకట్టే సన్నటి గొట్టాలు సుమారు పది లక్షలు ఉంటాయి. తిత్తులు వాటన్నిటిలోనూ పుట్టవు, కొద్ది శాతం గొట్టాల్లోనే పుడతాయి. అయితే పుట్టినవి ఏటా పెరుగుతూ, చుట్టూ ఉన్న మంచి గొట్టాలనూ సన్నటి రక్తనాళాలనూ నొక్కి చంపుతాయి. చచ్చినవాటి పనిని బతికున్నవి మీదేసుకుంటాయి. పది మంది నాటేసే మడికి ఇద్దరు రాకపోతే మిగతా ఎనిమిది మందీ ఇంకాస్త వంగి పొద్దుగూకేలోగా మడి ముగిస్తారు. గట్టు మీద నిలబడి చూసే రైతుకు మడి నిండుగానే కనిపిస్తుంది, వాళ్ల నడుములు ఎంత నొచ్చాయో కనిపించదు. క్రియాటినిన్ ఆ గట్టు మీది చూపే.

అందుకే ఈ జబ్బు ఉన్న చాలామందికి ముప్పైల్లో, కొందరికి నలభైల్లో కూడా క్రియాటినిన్ నార్మల్‌గానే వస్తుంది. అది పెరగడం మొదలయ్యేసరికి మంచి కండ చాలా వరకు పోయి ఉంటుంది. అక్కడి నుంచి ఏటా దిగజారడమే. మీ వయసులో అమ్మకు పరీక్ష చేసి ఉంటే తనకూ నార్మలే వచ్చి ఉండేదని నా నమ్మకం. క్రియాటినిన్ బాగుంది కదా అని పదేళ్లు ఇటువైపు తొంగిచూడకుండా, తర్వాత కాళ్ల వాపుతో ఓపీకి వచ్చేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మీరు 34లో అడిగారు. ఇది సరైన సమయం.

క్రియాటినిన్ కదలకుండా ఉన్న ఆ ఏళ్లలో మారుతున్నది కిడ్నీ సైజు. దీన్ని కొలిచి రుజువు చేసినవాళ్లు అమెరికాలోని క్రిస్ప్ అనే అధ్యయనం డాక్టర్లు. 2001లో మొదలుపెట్టి, 15 నుంచి 46 ఏళ్ల మధ్య వయసున్న 241 మందికి ఏటా ఎంఆర్ఐ తీస్తూ వెళ్లారు. 2006లో ఫలితాలు ప్రకటించారు. కిడ్నీల పరిమాణం సగటున ఏడాదికి 5 శాతానికి కాస్త పైగా పెరుగుతోంది. ఒకరికీ ఇంకొకరికీ వేగంలో చాలా తేడా ఉంది. కానీ ఒకే మనిషిలో ఆ వేగం ఏళ్ల తరబడి దాదాపు ఒకే తీరుగా సాగుతోంది. కిడ్నీలు ఎంత పెద్దవైతే పనితీరు అంత తొందరగా పడిపోతోంది. ఈ వేగం స్థిరంగా ఉండటమే మీకు పనికొచ్చే విషయం. అది స్థిరమైతే, ఏ వయసులో ఎంత పరిమాణం ఉందో ఒక్కసారి కచ్చితంగా కొలిస్తే చాలు, బండి ఏ వేగంతో వస్తోందో వెనక్కి లెక్కకట్టవచ్చు.

మేయో క్లినిక్ డాక్టర్లు 2015లో ఆ లెక్కను పట్టికగా చేశారు. రెండు కిడ్నీల మొత్తం పరిమాణాన్ని మనిషి ఎత్తుతో భాగించి, వయసుతో కలిపి చూసి 1ఏ నుంచి 1ఇ వరకు ఐదు తరగతులుగా విభజించారు. ఏడాదికి ఒకటిన్నర శాతం లోపు పెరిగేవి 1ఏ. 3 వరకు 1బి, 4.5 వరకు 1సి, 6 వరకు 1డి, ఆ పైన 1ఇ. మరుసటి ఏడాది, 2016లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా కొత్త మందుల ప్రయోగాల్లో ఎవరిని చేర్చుకోవాలో తేల్చడానికి ఈ పరిమాణాన్ని కొలమానంగా ఒప్పుకుంది.

మీ వయసూ మీ ఎత్తే తీసుకుని ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను. ఎంఆర్ఐ బొమ్మల మీద కుడి కిడ్నీ పొడవు 15, వెడల్పు 7, మందం 6.5 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి. మూడూ గుణించి, దాన్ని 0.52తో గుణిస్తే సుమారు 355 మిల్లీలీటర్లు. ఎడమది 16, 7.5, 7 అయితే సుమారు 440. రెండూ కలిపి 800కు దగ్గర. మామూలు మనిషికి రెండూ కలిపి 300, 400 మిల్లీలీటర్లు ఉంటాయి. ఈ 800ని మీ ఎత్తు 1.7 మీటర్లతో భాగిస్తే 470. 34 ఏళ్లకు 470 అంటే ఏడాదికి దాదాపు 3.4 శాతం పెరుగుదల, అంటే 1సి. అదే వయసు, అదే ఎత్తు, అదే క్రియాటినిన్ 1.0 ఉన్న ఇంకో మనిషికి మొత్తం 400 మిల్లీలీటర్లే ఉంటే అతను 1ఏ. బీపీ చూసుకుంటూ ఉంటే అతనికి డయాలసిస్ అవసరం జీవితంలో రాకపోయే అవకాశమే ఎక్కువ. మూడో మనిషికి 1,500 ఉంటే 1డి, అతని ఈజీఎఫ్ఆర్ సగటున ఏడాదికి మూడున్నర చొప్పున తగ్గుతుందని అంచనా. ముగ్గురి రక్త పరీక్ష కాగితాలూ పక్కపక్కన పెడితే ఏ తేడా కనిపించదు. మీ డాక్టరుగారు ఈ ముగ్గురిలో మీరెవరో తెలుసుకోవాలనుకుంటున్నారు.

అల్ట్రాసౌండ్‌లో పొడవు వచ్చింది కదా అంటారేమో. వచ్చింది. దాన్నిబట్టి కొంత ఊహించవచ్చు కూడా: 45 ఏళ్లలోపు వాళ్లకు పొడవు 16.5 సెంటీమీటర్లు దాటితే జబ్బు వేగంగా నడుస్తున్నట్టే. మీవి 14.6, 15.4. అంత పెద్దవి కావు, అలాగని నిశ్చింతగా వదిలేసేవీ కావు. ఇలా మధ్యలో ఉన్నప్పుడే కచ్చితమైన కొలత కావాలి. అల్ట్రాసౌండ్‌లో ప్రోబ్ పట్టిన చేయి, దాని వంపు మారితే కొలత మారుతుంది. పెద్ద కిడ్నీ మొత్తం ఒకే ఫ్రేములో పట్టదు. ఎంఆర్ఐలో నీరు తెల్లగా మెరుస్తుంది కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల తిత్తి కూడా విడిగా కనిపిస్తుంది, కిడ్నీ అంచు ఎక్కడుందో అనుమానం ఉండదు.

స్కాన్ పెద్ద కష్టం కాదు. 1.5 టెస్లా (అయస్కాంత బలం) మిషన్ చాలు. పడుకోబెట్టి పొట్ట మీద కాయిల్ పెట్టి కడతారు, చెవులకు హెడ్‌ఫోన్లు ఇస్తారు. టెక్నీషియన్ మైకులో 'ఊపిరి వదలండి, ఆపండి' అంటాడు. పదిహేను, ఇరవై సెకన్లు కదలకుండా ఊపిరి బిగబట్టాలి, ఆ కాసేపట్లో మిషన్ టకటకా కొట్టుకుంటుంది. ఇలా కొన్నిసార్లు. కిడ్నీలు ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి ఆ ఆపడం సరిగ్గా రాకపోతే బొమ్మ చెదిరి కొలతా చెదురుతుంది. ముందు రోజు ఇంట్లో పడుకుని నాలుగైదుసార్లు సాధన చేసి వెళ్లండి. ఒంట్లో పేస్‌మేకర్, క్లిప్పులు, ఇనుప ముక్కల్లాంటివేమైనా ఉంటే ముందే చెప్పాలి.

రిపోర్టు గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మన దగ్గర నేను చూసే రిపోర్టుల్లో చాలావాటిలో 'రెండు కిడ్నీలు పెరిగి ఉన్నాయి, అనేక తిత్తులున్నాయి, పాలిసిస్టిక్ జబ్బుకు సరిపోతోంది' అని ఉంటుంది, సంతకం ఉంటుంది. అంకె ఉండదు. రేడియాలజిస్టుది తప్పనను. చీటీ మీద 'ఎంఆర్ఐ అబ్డామెన్' అని మాత్రమే ఉంటే ఆయన పొట్టంతా చూసి రాస్తారు. మీ డాక్టరుగారితో చీటీ మీద 'రెండు కిడ్నీల కొలతలు, మొత్తం పరిమాణం కావాలి, కాంట్రాస్ట్ వద్దు' అని రాయించండి. ఒక్కో కిడ్నీకి మూడు చొప్పున ఆరు కొలతలు ఉంటే చాలు, మిగతా లెక్క డాక్టరుగారు కడతారు. సీడీ కూడా తీసుకుని దాచుకోండి. పదేళ్ల తర్వాత దానితో పోల్చుకోవాల్సి రావచ్చు. అలాగని ఏటా ఎంఆర్ఐ తీయించుకోకండి. ఇలా ఆరు కొలతలతో కట్టే లెక్కలో కొద్ది శాతం అటూ ఇటూ తేడా ఎప్పుడూ ఉంటుంది. ఒక్క ఏడాదిలో పెరిగేదీ అంతే కాబట్టి, పెరిగిందో కొలతలో తేడానో తేలదు. అనవసరంగా గుండె దడ తప్ప ఏమీ రాదు.

ఇక ఇంజక్షన్. కాంట్రాస్ట్ అంటే గెడోలినియం అనే లోహం కలిసిన మందు. మీ ఇంట్లోవాళ్ల భయం గాలిలోంచి పుట్టింది కాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్న కొందరికి చర్మం చెక్కలా బిగుసుకుపోయి, కీళ్లు ముడుచుకుపోయే వింత జబ్బు 1997లో మొదటిసారి అమెరికాలో కనిపించింది. దానికి గెడోలినియంతో సంబంధం ఉందని 2006లో ఆస్ట్రియా నుంచి ఒక డాక్టరు రాసేదాకా కారణం తెలియలేదు. మరుసటి ఏడాదే ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది. లోహాన్ని వదులుగా పట్టి ఉంచే పాత రకం మందులవల్ల ఆ చేటు ఎక్కువగా జరిగింది. గెడోబుట్రాల్, గెడోటెరేట్ లాంటి, లోహాన్ని గట్టిగా పట్టి ఉంచే మందులతో అది చాలా చాలా అరుదు. అందుకే నిజంగా అవసరమైతే డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు కూడా వీటిని ఇవ్వవచ్చని 2021లో అమెరికా రేడియాలజీ, కిడ్నీ సంస్థలు కలిసి చెప్పాయి. అమ్మకు ఎప్పుడైనా ఎంఆర్ఐ రాస్తే మాత్రం డయాలసిస్ పేషెంటని ముందే చెప్పండి, ఏ మందు వేస్తున్నారో అడగండి. మీ విషయంలో ఇంజక్షన్ ప్రమాదమని కాదు, అసలు పనే లేదు. తిత్తుల్లో ఉన్నది నీరు, ఆ నీరు ఏ మందూ లేకుండానే తెల్లగా కనిపిస్తుంది. ప్లెయిన్ స్కాన్‌కు ఖర్చూ తక్కువే.

కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో ఎంఆర్ఐలో తెలుస్తుందా అని అడిగారు. మీకు రాసిన స్కాన్‌లో తెలియదు. దానికి ఇప్పటికీ క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్షలే ఆధారం. అనుమానం వస్తే సిస్టాటిన్ సి అనే ఇంకో రక్త పరీక్ష. ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో విడివిడిగా కావాలంటే న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లు చేసే డీటీపీఏ స్కాన్. ఎంఆర్ఐతో పనితీరును నేరుగా చూసే ప్రయత్నాలు మాత్రం దాదాపు ముప్పై ఏళ్లుగా జరుగుతున్నాయి. వాటిలో నాకు చాలా ఇష్టమైనది 1996లో పొట్టుమర్తి ప్రసాద్, ఆయన సహచరులు అమెరికాలో చేసిన పని. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌కు అయస్కాంత గుణం వస్తుంది. దాన్ని పట్టుకుంటే కిడ్నీలో ఎక్కడ ఆక్సిజన్ తక్కువుందో సూది గుచ్చకుండానే తెలుస్తుంది. కిడ్నీ పై పొరకు రక్తం పుష్కలంగా అందుతుంది, లోపలి పొర మాత్రం ఎప్పుడూ ఆక్సిజన్ కొరత అంచున బతుకుతూ ఉప్పును వెనక్కి లాగే పని చేస్తుంటుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ ఇంజక్షన్ ఇచ్చి ఆ ఉప్పు పంపులను ఆపితే, లోపలి పొరలో ఆక్సిజన్ పెరగడం ఎంఆర్ఐలోనే కనిపించింది. మనం రోజూ వాడే మందు కిడ్నీ లోపల ఏం చేస్తుందో బతికున్న మనిషిలో బొమ్మగా చూడటమంటే ఎంత గొప్ప సంగతో చూడండి.

ఇప్పుడు రక్తంలోని నీటినే గుర్తుపెట్టి రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతి, నీటి అణువుల కదలికనుబట్టి లోపల ఎంత గట్టిపడిందో అంచనా వేసే పద్ధతి కూడా ఉన్నాయి. యూరప్‌లో డాక్టర్లు, భౌతిక శాస్త్రవేత్తలు కలిసి ఈ స్కాన్లు ఏ మిషన్లో తీసినా ఒకేలా రావాలని పద్ధతులు ఖరారు చేసుకుంటున్నారు. కానీ ఒక మనిషికి ఏ మందు రాయాలో వీటినిబట్టి తేల్చే దశ ఇంకా రాలేదు. కాబట్టి 'ఎంఆర్ఐతో మీ కిడ్నీ పనితీరు శాతం చెబుతాం' అని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే డబ్బు కట్టకండి. ఉద్దానం వైపు నుంచి ఈ పేజీ చదివేవాళ్లకు ప్రత్యేకంగా ఈ మాట చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో కనిపించే జబ్బు వేరు, అందులో తిత్తులు ఉండవు, కిడ్నీ పెరగడానికి బదులు చిన్నదవుతుంది, మూత్రంలో ప్రొటీన్ కూడా తక్కువే పోతుంది. అక్కడ మొదట చేయాల్సింది క్రియాటినిన్ పరీక్ష, మళ్లీ మళ్లీ చేయాల్సిందీ అదే. ఎంఆర్ఐ కోసం అప్పు చేయకండి. నేను పైన చెప్పిన సైజు లెక్కంతా పాలిసిస్టిక్ జబ్బుకే, అందులోనూ తిత్తులు రెండు కిడ్నీల నిండా సమంగా పరుచుకున్న వాళ్లకే వర్తిస్తుంది.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. పరిమాణం తెలిస్తే ఏం మారుతుంది? రెండు మారతాయి. మొదటిది బీపీ. 138/88ని 'కొంచెం ఎక్కువ' అని వదిలేయకండి. ఇదే జబ్బున్న, కిడ్నీ పనితీరు ఇంకా బాగున్న 15 నుంచి 49 ఏళ్ల వాళ్ల మీద హాల్ట్ పీకేడీ అనే అధ్యయనం చేశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. బీపీని 110/75 లోపు ఉంచినవాళ్లలో కిడ్నీల పెరుగుదల ఏడాదికి 5.6 శాతం, 120-130 మధ్య ఉంచినవాళ్లలో 6.6 శాతం. ఇదీ ఎంఆర్ఐతో కొలిచిందే. ఇంట్లో బీపీ మిషన్ కొనుక్కుని పొద్దున, రాత్రి రాసిపెట్టుకుని తీసుకెళ్లండి. మీ వయసుకు, కళ్లు తిరగకుండా తట్టుకోగలిగితే, 110/75 దగ్గరికి తేవాలని డాక్టరుగారు మందు మొదలుపెట్టవచ్చు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు రోజూ కంచంలో ఉంటే ఆ మందు సగమే పనిచేస్తుంది. ఉప్పు మొత్తం రోజుకు ఐదు గ్రాములు, అంటే టీ స్పూను లోపు.

రెండోది టోల్వాప్టాన్ అనే మందు. తిత్తుల్లోకి నీరు ఊరేలా చేసే వాసోప్రెసిన్ హార్మోను పనిని ఇది అడ్డుకుంటుంది. 2012లో వచ్చిన టెంపో ప్రయోగంలో 1,445 మంది పాల్గొన్నారు. మందు వాడినవాళ్లకు కిడ్నీలు ఏడాదికి 2.8 శాతం, వాడనివాళ్లకు 5.5 శాతం పెరిగాయి. కానీ ఇది తేలిక మందు కాదు. రోజుకు ఐదారు లీటర్ల మూత్రం పోతుంది, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి, అంత నీరూ తాగాలి, ఎండాకాలం ఖమ్మంలో అది ఇంకా కష్టం. కొద్దిమందిలో లివర్ దెబ్బతింటుంది, అందుకే మొదటి ఏడాదిన్నర నెలనెలా లివర్ పరీక్ష తప్పనిసరి. ఏళ్ల తరబడి వాడాలి, ఖర్చు చూసుకోవాలి. 1సి, 1డి, 1ఇలో ఉన్నవాళ్లకు ఈ కష్టానికి ఫలితం ఉంటుంది. 1ఏ వాళ్లకు ఇది రాయడం అన్యాయం. ఇలా కచ్చితంగా కొలవకుండా ఆ గీత గీయడం కష్టం.

మందు బదులు నీళ్లే ఎక్కువ తాగితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. నేనూ అలాగే ఆశపడ్డాను. ఆస్ట్రేలియాలో 184 మందితో మూడేళ్లు చూశారు, 2022లో ఫలితం వచ్చింది. ఎక్కువ నీళ్లు తాగినవాళ్లకూ మామూలుగా తాగినవాళ్లకూ ఎంఆర్ఐలో కిడ్నీల పెరుగుదలలో తేడా లేదు. దాహం తీరేలా, మూత్రం పచ్చగా మారకుండా తాగండి. బలవంతంగా బిందెలు ఖాళీ చేయక్కర్లేదు.

మీ నడుం నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకుంటుంటే ఇవాళే ఆపేయండి. పారాసిటమాల్ వాడవచ్చు. జ్వరంతో కూడిన నడుం నొప్పి వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

చెల్లెలి సంగతి. తనకు ఈ జబ్బు వచ్చే అవకాశం సరిగ్గా సగం. తనకు ఉందో లేదో తెలుసుకోవాలా వద్దా అన్నది తన నిర్ణయం. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ మాట ఎంత బరువో నాకు తెలుసు. అందుకే వేరే ఏదో పేరు చెప్పి స్కాన్‌కు తీసుకెళ్లకండి, విషయమంతా చెప్పి తననే తేల్చుకోనివ్వండి. తెలుసుకోవాలనుకుంటే ముందు అల్ట్రాసౌండ్ చాలు. ఇంట్లో జబ్బున్న 29 ఏళ్ల మనిషికి రెండు కిడ్నీల్లో కలిపి మూడు తిత్తులున్నా జబ్బు ఉన్నట్టే.

కిడ్నీ ఇవ్వడం మాత్రం వేరే లెక్క. అక్కడ 'లేనట్టుంది' చాలదు, 'లేదు' అని తేలాలి. లేకపోతే అమ్మకు ఇచ్చేదీ చెడిపోయే కిడ్నీయే, తనకు మిగిలేదీ అదే. ఆ వయసులో అల్ట్రాసౌండ్‌కు అందని చిన్న తిత్తులు ఎంఆర్ఐలో దొరుకుతాయి. 2015లో కెనడాలో చేసిన అధ్యయనం ప్రకారం 16 నుంచి 40 ఏళ్లవాళ్లకు ఎంఆర్ఐలో మొత్తం పదికి పైగా తిత్తులుంటే జబ్బు ఉన్నట్టు, ఐదులోపు ఉంటే లేనట్టు. దాంతోపాటు జన్యు పరీక్ష చేస్తే ఇంకా ధైర్యం. అయితే ముందు అమ్మ రక్తంలో ఏ జన్యు మార్పు ఉందో కనుక్కుని, తర్వాత అదే మార్పు చెల్లెలిలో ఉందా అని వెతకాలి. నేరుగా చెల్లెలికి చేస్తే 'ఏమీ దొరకలేదు' అన్న జవాబుకు విలువ తక్కువ. ఇదంతా తేలేలోపు కాలం వృథా కాకుండా, అమ్మ పేరు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో నమోదు చేయించండి. డయాలసిస్ చేస్తున్న ఆస్పత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ విభాగం ఉందో లేదో అడిగితే దారి చెబుతారు.

మీరు చివరన 'ఇంకో మాట' అంటూ రాసిన మేనమామ సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది. సంబంధం ఉండవచ్చు. ఆయన అమ్మ తోడబుట్టినవారు కాబట్టి ఆయనకూ ఈ జబ్బు ఉండే అవకాశం సగం. ఇది కిడ్నీలతో ఆగే జబ్బు కాదు, మెదడు రక్తనాళాల గోడల్లో బుడిపెలు కూడా రావచ్చు. మామూలు జనంలో వందకు ముగ్గురికి ఉంటే ఈ జబ్బున్నవాళ్లలో వందకు దాదాపు పది మందికి ఉంటాయి. కుటుంబంలో ఒకరికి చిట్లి ఉంటే మిగతావాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అలాంటి కుటుంబాల్లో ముందే స్కాన్ చేసి చూడాలన్నది ఇవాళ అందరూ ఒప్పుకున్న పద్ధతి. మెదడు రక్తనాళాలను చూపే ఎంఆర్ యాంజియోగ్రామ్‌ను 'టైమ్ ఆఫ్ ఫ్లైట్' పద్ధతిలో ఇంజక్షన్ లేకుండానే తీయవచ్చు, కిడ్నీలకు వెళ్లిన రోజే, అదే మిషన్ మీద. బుడిపె కనిపించినా చాలావరకు చిన్నవే ఉంటాయి, గమనిస్తూ ఉంటే సరిపోతుంది. ప్రమాదకరమైన సైజు ఉంటే చిట్లకముందే మూసేసే చికిత్సలున్నాయి. అమ్మకూ ఈ స్కాన్ జరిగిందో లేదో అడగండి. మీకు కూడా ఎప్పుడైనా అంతకుముందు ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే, మాత్ర వేసుకుని పడుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

బ్రెయిన్ స్ట్రోక్ అన్న మాట రక్తనాళం మూసుకుపోయినా అంటారు, చిట్లినా అంటారు. మీ అత్తమ్మను అడిగి ఆ రెండు రోజుల ఆస్పత్రి కాగితాలు, తలకు తీసిన సీటీ స్కాన్ ఫిల్ములు ఇంట్లో ఉన్నాయేమో వెతికించండి. అందులో 'సబ్అరక్నాయిడ్ హెమరేజ్' (మెదడు చుట్టూ రక్తస్రావం) అని కానీ 'అన్యూరిజం' (రక్తనాళం మీది బుడిపె) అని కానీ ఉంటే ఫోనులో ఫొటో తీసి మీ కిడ్నీ డాక్టరుగారికి చూపించి, కిడ్నీల ఎంఆర్ఐ చీటీ మీదే బ్రెయిన్ యాంజియో కూడా రాయించుకోండి. కాగితాలు దొరకకపోయినా, మీరు రాసిన ఆ తలనొప్పి సంగతి ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పి, బ్రెయిన్ స్కాన్ అడగండి.